ఉప్పునీటి తొట్టె: కోరల్ ముడుచుకుంటే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది, అందులో కోరల్స్ (పగడపు జీవులు) పెంచుతున్నాం. ఏప్రిల్ మొదటి వారం నుంచి జోవాలు (పువ్వుల్లా విచ్చుకునే చిన్న మెత్తని కోరల్స్) విచ్చుకోవడం లేదు. టోడ్‌స్టూల్ లెదర్ కోరల్ మీద మైనం పూసినట్టు పొర కట్టింది. ఎండలకి ట్యాంకు పైన ఫ్యాన్ పెట్టాం. ఆవిరైన మేరకు తాగే ఆర్‌వో నీళ్ళు పోస్తున్నాం. చేపలు బాగానే ఉన్నాయి. ఉప్పదనం కొలిచే హైడ్రోమీటర్ 1.025 (మంచినీటితో పోల్చిన సాంద్రత) చూపిస్తోంది. షాపులో రెండు మూడు రకాల సప్లిమెంట్లు పోయమన్నారు. పోయాలా?
– పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఇప్పుడే ఏమీ పోయకండి. ఈ రెండు కోరల్స్‌నీ విడివిడిగా చూడాలి.

లెదర్ మీది మైనంపొర జబ్బు కాదు. ఒంటిమీద పేరుకున్న నాచునీ మురికినీ వదిలించుకోవడానికి అది అప్పుడప్పుడూ అలా పొర విడుస్తుంది. వారం, పదిరోజులు మూసుకునే ఉంటుంది. వేవ్‌మేకర్‌ను (నీటిలో ప్రవాహం పుట్టించే పంపు) కొంచెం దానివైపు తిప్పితే పొర త్వరగా ఊడిపోతుంది. గోటితో గీకకండి. నల్లబడి, మెత్తబడి, దుర్వాసన వచ్చే మచ్చ కనిపిస్తే మాత్రం పదునైన బ్లేడుతో ఆ భాగాన్ని, చుట్టూ కాస్త మంచి కండతో సహా, కోసి తీసెయ్యాలి.

అసలు అనుమానం జోవాల మీద, అంటే నీటి మీద. ప్లాస్టిక్ ముల్లు ఉండే హైడ్రోమీటర్‌ను నమ్మకండి. ముల్లుకు ఉప్పు పేరుకుంటే అది బరువెక్కి తక్కువ చూపిస్తుంది, బుడగ అంటుకుంటే ఎక్కువ చూపిస్తుంది. చుక్క నీటిలో కాంతి వంగే తీరునుబట్టి ఉప్పదనం చూపే రిఫ్రాక్టోమీటర్ కొనండి. దాన్ని మామూలు నీళ్ళతో కాకుండా 35 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీటిలో 35 పాళ్ళ ఉప్పు) కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచూడాలి. హైదరాబాద్ పొడి ఎండల్లో ఫ్యాన్ కింద ఇంత ట్యాంకు నుంచి రోజుకు మూడు నాలుగు లీటర్లు ఆవిరైనా ఆశ్చర్యం లేదు. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. రెండు రోజులు టాప్-అప్ మరిస్తే చేపలు తట్టుకుంటాయి, జోవాలు మూసుకుంటాయి.

రిఫ్రాక్టోమీటర్ 1.029 చూపించిందనుకోండి. అది సుమారు 38.4 పీపీటీ. రాళ్ళూ ఇసుకా పోను మీ ట్యాంకులో 170 లీటర్ల నీళ్ళుంటాయనుకుంటే, 15 లీటర్ల ట్యాంకు నీరు తీసి అంతే ఉప్పు కలపని శుద్ధమైన నీళ్ళు పోస్తే 35కి దిగుతుంది. ఒకేసారి వద్దు. రోజుకు మూడేసి లీటర్లు, ఐదు రోజులు. ఆ తర్వాత ఆవిరైన మేరకు నీళ్ళు దానంతటదే నింపే ఆటో టాప్-అప్ సెన్సర్ ఒకటి పెట్టించుకోండి. వేసవిలో సప్లిమెంట్ల కంటే దాని అవసరమే ఎక్కువ.

ఇక ఆర్‌వో. చాలా ఇంటి ప్యూరిఫైయర్లలో రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది. అది కొంత బోరు నీటినో మంజీరా నీటినో మళ్ళీ కలుపుతుంది. మీది కాపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మోడల్ అయితే ఇంకా ప్రమాదం. మనకు ఆరోగ్యమని వేసే రాగి కోరల్స్‌కూ నత్తలకూ రొయ్యలకూ విషం. మెంబ్రేన్ నుంచి వచ్చే పైపు దగ్గరే, మినరల్, కాపర్ కార్ట్రిడ్జ్‌లకు ముందు, ఒక టీ-జాయింట్ వేయించి, ఆ నీటిని డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పీల్చేసే గుళికలు) గుండా పంపండి. టీడీఎస్ మీటర్‌లో 0 రావాలి. రాగి చేరిందన్న అనుమానం ఉంటే రాగిని పీల్చే రెసిన్ సంచి, యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్‌లో వేసి, నాలుగైదు రోజులకోసారి 15 శాతం నీళ్ళు మార్చండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా విచ్చుకోకపోతే రాత్రి లైట్లు ఆర్పిన గంట తర్వాత టార్చితో చూడండి. జోవాలను తినే నూడిబ్రాంక్‌లు (గుల్ల లేని చిన్న సముద్రపు నత్తలు) అవి తిన్న జోవా రంగులోనే ఉంటాయి, పగలు కనిపించవు. జోవాలను కోరల్ డిప్‌లో (పురుగులను వదిలించే మందు నీటిలో) సీసా మీది మోతాదు ప్రకారం ముంచాలి. గుడ్లు డిప్‌కు చావవు కాబట్టి ఐదారు రోజుల ఎడంతో మూడుసార్లు చెయ్యాలి. జోవాలను ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. కొన్ని రకాల్లో పాలీటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. అవి ఉన్న రాయిని ఎప్పుడూ వేడినీళ్ళలో వేయకండి, ఉడికించకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి.

ప్రశ్న: ఆరు తలల టార్చ్ కోరల్ (రాతి అస్థిపంజరం కట్టే కోరల్) ఉంది. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, డీకేహెచ్‌లలో కొలుస్తారు) 7 డీకేహెచ్‌కు పడిందని, దాన్ని పెంచే బఫర్ వేసి ఒక్కరోజులో 10.5కి తెచ్చాను. వారం తిరక్కుండా రెండు తలల మీద గోధుమరంగు జిగురు పట్టింది. మిగతావి దక్కుతాయా?
– పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: దక్కవచ్చు, కానీ ఈరోజే కదలాలి. దీన్ని బ్రౌన్ జెల్లీ అంటారు. బ్యాక్టీరియా, సూక్ష్మజీవులు కలిసి కండను కరిగించే స్థితి ఇది. ఒక తల నుంచి పక్క తలకు పాకుతుంది.

ముందు పంపులన్నీ ఆపండి, లేకపోతే జిగురు ముక్కలు ట్యాంకంతా తిరుగుతాయి. సన్నని గొట్టంతో ఆ జిగురును బకెట్‌లోకి లాగేయండి. కోరల్‌ను బయటికి తీసి, జబ్బు తలలను కండకు రెండు మూడు సెంటీమీటర్ల కింద, ఉత్త అస్థిపంజరం ఉన్నచోట బోన్ కట్టర్‌తో తుంచి పారేయండి. టార్చ్ తలలు వేర్వేరు కొమ్మల మీద ఉంటాయి కనుక ఇది కుదురుతుంది. మిగిలిన నాలుగు తలలను ట్యాంకు నీటిలోనే కలిపిన అయోడిన్ డిప్‌లో పది నిమిషాలు ఉంచి, ఇంకో బకెట్ ట్యాంకు నీటిలో కడిగి, వీలైతే వేరే చిన్న తొట్టెలో పెట్టండి. డిప్ నీళ్ళు ట్యాంకులో పోయకూడదు. రెండు వారాలు వెలుతురు తగ్గించండి, ప్రవాహం మధ్యస్థంగా ఉంచండి. కండ మానేదాకా నేరుగా మేత పెట్టకండి.

7 డీకేహెచ్ వల్ల కోరల్‌కు ముప్పేమీ లేదు. ఒక్కరోజులో మూడున్నర పెరగడమే దాన్ని దెబ్బతీసి, ఈ జబ్బుకు చోటిచ్చి ఉంటుంది. ఇప్పుడు మళ్ళీ ఆదరాబాదరాగా దించకండి, కోరల్స్ వాడకంలో ఆల్కలినిటీ దానంతటదే దిగుతుంది. 8కి వచ్చాక అక్కడ నిలపండి. మూడు రోజులు ఒకే వేళకు టెస్ట్ చేస్తే రోజుకు ఎంత ఖర్చవుతోందో తెలుస్తుంది. ఆ మేరకే రోజూ వేయాలి. స్వచ్ఛమైన వంటసోడా 3 గ్రాములు 100 లీటర్లలో ఆల్కలినిటీని 1 డీకేహెచ్ పెంచుతుంది. బేకింగ్ పౌడర్ వేరు, అది వాడకూడదు. రోజుకు 1 డీకేహెచ్ దాటి ఎప్పుడూ పెంచకండి. కాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1300–1350 పీపీఎం దగ్గర ఉంటే ఆల్కలినిటీ కూడా నిలకడగా ఉంటుంది.

ప్రశ్న: నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అయినా మష్రూమ్ కోరల్స్ పాలిపోయి చిన్నవైపోతున్నాయి. – విజయవాడ

జవాబు: ఆకలి. కోరల్స్‌కు ఇవి ఆహారం, కాబట్టి నైట్రేట్ 5–10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దరిదాపుల్లో ఉండాలి. ఫాస్ఫేట్ తీసే మీడియా తీసేయండి, స్కిమ్మర్ (నురగతో మురికిని లాగే పరికరం) నడిపే సమయం తగ్గించండి, చేపలకు మేత రోజుకు ఇంకో పూట పెంచండి. ఇసుక మీద బుడగలు పట్టిన గోధుమరంగు తీగలు కనిపిస్తే అవి డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు). నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా ఉన్న నీటిలో అవి ఎక్కువగా పెచ్చరిల్లుతాయి.

ప్రశ్న: రుషికొండ దగ్గర సముద్రపు నీళ్ళు, రాళ్ళు తెచ్చుకోవచ్చా? ఒకరు టార్చ్ కోరల్ కూడా అమ్ముతామంటున్నారు. – విశాఖపట్నం

జవాబు: టార్చ్ కొనకండి. రాతి అస్థిపంజరం కట్టే కోరల్స్ అన్నీ, వాటితోపాటు సముద్రపు విసనకర్రలూ (సీ ఫ్యాన్‌లు), 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన దేశంలో వాటిని సేకరించడం, అమ్మడం జైలుశిక్ష పడే నేరం. ఫ్రిస్కో పాఠకుడి సంగతి వేరు, అక్కడ పెంపకంలో పెరిగిన ముక్కలు చట్టప్రకారం దొరుకుతాయి. మష్రూమ్‌లు, జోవాలు, లెదర్‌లు ఆ పట్టికలో లేవు. వాటికైనా బిల్లు, దిగుమతి కాగితాలు అడగండి.

తీరం నుంచి రాళ్ళు తేవద్దు, వాటికి కోరల్ అంటుకుని ఉండొచ్చు. షాపుల్లో దొరికే డ్రై రాక్ వాడుకోండి. నీళ్ళ విషయానికొస్తే, వానాకాలం తర్వాత నదుల నీరు కలిసి మన తీరంలో ఉప్పదనం బాగా తగ్గుతుంది. పైగా నగరపు కాలువలు కలుస్తాయి, ఓడరేవు కూడా మరీ దూరం కాదు. సాల్ట్ మిక్స్ లీటరుకు సుమారు 37 గ్రాములు చొప్పున 0 టీడీఎస్ నీటిలో వేసి, చిన్న పంపుతో ఒకరోజు తిప్పి, ఉప్పదనం 35 పీపీటీ, వేడి 25–26 డిగ్రీలు వచ్చాకే ట్యాంకులో పోయండి. మీ ఊరి ఉక్కపోతలో ఫ్యాన్ అంతగా చల్లబరచదు. మే నెలలోపు చిల్లర్‌కు (ట్యాంకు నీటిని చల్లబరిచే యంత్రం) డబ్బు కూడబెట్టుకుని, కోరల్స్ ఆ తర్వాత కొనండి.