ఇల్లు ఇప్పుడే నా పేరున రాయించుకోవాలా?

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నకి 76 ఏళ్లు, జూట్ మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అమ్మకి 68. ఊళ్లో ఇద్దరే ఉంటున్నారు. బొబ్బిలిలో ఉన్న చెల్లెలు వారానికోసారి వెళ్లి చూసి వస్తుంది. మొన్న వర్షాల్లో అమ్మ నూతి దగ్గర జారిపడింది, మణికట్టు విరిగింది. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఉన్నది నాన్న కట్టించిన డాబా ఇల్లు, తాతల నాటి రెండెకరాల పల్లం, నాన్న పేరున 14 లక్షల ఎఫ్‌డీలు, నెలకి 2,400 ఈపీఎస్ (పీఎఫ్ వాళ్లిచ్చే) పెన్షన్, కొంత కౌలు. పల్లంలో అర ఎకరం చెల్లెలికి పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చారు. నాన్న 2009లో వీలునామా రాశారు. ‘ఎందుకొచ్చిన గొడవ, ఇల్లు ఇప్పుడే నీ పేరున గిఫ్ట్ రాయించేసుకో’ అంటున్నారు మా వాళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: ఇల్లు ఇప్పుడు రాయించుకోవద్దు. మీ మీద అనుమానంతో చెప్పడం లేదు. మీ మనసు ఎంత మంచిదైనా మీ చేతిలో లేనివి కొన్ని ఉంటాయి. ఇల్లు మీ పేరుకి మారాక జరగరానిది మీకే జరిగిందనుకోండి. మీరు వీలునామా రాసి ఉండకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకు ఆస్తికి మొదటి వరస వారసులు అతని భార్య, పిల్లలు, తల్లి. తండ్రి ఆ వరసలో లేడు. అంటే ఇటుక ఇటుక పేర్చి కట్టుకున్న ఇంట్లో మీ నాన్నగారికి వాటా ఉండదు. మీ అప్పులు, జామీను సంతకాలు, కోర్టు కేసులు కూడా ఆ ఇంటి మీదికే వస్తాయి. ఈ రిస్కులన్నీ 76 ఏళ్ల మనిషి నెత్తిన పెట్టాల్సిన అవసరమేముంది?

చూసుకుంటామని రాయించుకుని చూడకపోతే ఆ గిఫ్ట్ రద్దు చేయించుకోవచ్చు కదా అని మీ వాళ్లు అనొచ్చు. నిజమే. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉన్నదే అందుకు. ఊర్మిళా దీక్షిత్ కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లి ఇచ్చిన గిఫ్ట్‌ను రద్దు చేసి, ఆస్తి తిరిగి ఆమెకే ఇప్పించింది. కానీ ఆ తల్లి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇలాంటి ఫిర్యాదుతో ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కే పరిస్థితే రాకూడదు. వీలునామా అయితే బతికున్నంత కాలం ఇల్లు మీ నాన్నగారిదే. మనసు మారితే ఎన్నిసార్లయినా తిరగరాసుకోవచ్చు.

మీరు 2009 వీలునామా పంపలేదు కాబట్టి అందులో ఏం ఉందో నాకు తెలియదు. కానీ అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో చెప్పగలను. అప్పుడు మీ ఊరు శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4న రాజాం వైపు మండలాలు విజయనగరం జిల్లాలో కలిశాయి. రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. జిల్లా పేరు, నంబరు మారినంత మాత్రాన వీలునామా చెల్లకుండా పోదు. కానీ రేపు మ్యుటేషన్‌కి, అంటే రికార్డుల్లో పేరు మార్పించుకోడానికి వెళితే, కాగితంలో ఉన్న భూమి, 1బీలో (రెవెన్యూ వాళ్ల భూమి హక్కుల రికార్డులో) ఉన్న భూమి ఒకటేనని మీరే నిరూపించుకోవాలి. కొత్త వీలునామా షెడ్యూల్లో (ఆస్తి వివరాలు రాసే చోట) పాత సర్వే నంబరు, కొత్త ఎల్‌పీఎం నంబరు రెండూ రాయించండి, హద్దులు కూడా. దానికి ముందు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), 1బీ, అడంగల్ తీయించి పేరు, విస్తీర్ణం సరిపోయాయో లేదో చూడండి. తప్పులుంటే సరిచేయించుకోవడానికి మీ నాన్నగారు స్వయంగా వెళ్లగలిగే రోజులు ఇవే.

అంతకన్నా ముఖ్యం సాక్షులు. వీలునామాకి కనీసం ఇద్దరు సాక్షుల సంతకం ఉండాలి. రేపు కోర్టులో వివాదం వస్తే, బతికున్న సాక్షుల్లో ఒకరైనా వచ్చి ‘అవును, నా ఎదుటే సంతకం పెట్టారు’ అని చెప్పాలి. 2009లో మీ నాన్నగారు సాక్షులుగా ఎవరిని పిలిచి ఉంటారు? తన ఈడు స్నేహితుల్నే. వాళ్లు ఇప్పుడు ఉన్నారా, ఉంటే కోర్టుకి రాగలరా? ఇద్దరూ పోతే చేతిరాత, సంతకం పోల్చి నిరూపించాల్సి వస్తుంది. అందుకే ఈసారి సాక్షులు ఆయన కన్నా బాగా చిన్నవాళ్లు కావాలి, ఆ ఆస్తిలో ఏమీ రానివాళ్లు కావాలి. అదే రోజు డాక్టరు దగ్గర ‘మానసికంగా ఆరోగ్యంగా ఉన్నారు’ అని ఒక సర్టిఫికెట్ తీసుకోండి.

తెల్ల కాగితం మీద రాసినా వీలునామా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా నేను రిజిస్టర్ చేయించమనే అంటాను. కాగితం పోయినా ఆఫీసులో నకలు ఉంటుంది. కదల్లేని పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసం సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చే ఏర్పాటు కూడా ఉంది, దానికి వేరే ఫీజు కడితే చాలు. ఒక్క జాగ్రత్త. లాయరుతో మాట్లాడేటప్పుడు మీరు గానీ మీ చెల్లెలు గానీ ఆ గదిలో ఉండకండి. లాభం పొందేవాళ్లే దగ్గరుండి రాయించారంటే కోర్టులు అనుమానంగా చూస్తాయి. ఆయన మనసులో మాట ఆయనే చెప్పుకోనివ్వండి.

ఇక పల్లం సంగతి. తాతల నాటిది అంటున్నారు. అది నిజంగా ఉమ్మడి కుటుంబ ఆస్తే అయితే, పంపకాలు కాకపోతే, అందులో మీ నాన్నగారికి, మీకు, మీ చెల్లెలికి తలా ఒక వాటా. కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చిన 2005 సవరణ, దాన్ని ఖాయం చేసిన 2020 ఆగస్టు 11 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూతురి హక్కు మీద సందేహం లేదు. అప్పుడు మీ నాన్నగారు తన వాటా వరకే వీలునామా రాయగలరు, రెండెకరాలూ రాయలేరు. మీ తాతగారి స్వార్జితమైతే లెక్క వేరు. పాత దస్తావేజులు లాయరుకి చూపించి ముందు ఇది తేల్చుకోండి.

ఆ అర ఎకరం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పసుపు కుంకుమ కింద ఇచ్చామని ఊరంతా ఒప్పుకుంటుంది, ఈసీలో మాత్రం కనపడదు. మన జిల్లాల్లో అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు తెగిపోయే గొడవలు చాలావరకు ఇలాంటి నోటిమాటల దగ్గరే మొదలవుతాయి. నాన్నగారు ఉండగానే ఆ అర ఎకరం ఆవిడ పేరున రిజిస్టర్ చేయించండి, లేదా అందరూ సంతకాలు పెట్టి పంపకాల దస్తావేజు రాసుకోండి. వారం వారం బొబ్బిలి నుంచి వచ్చి చూసుకుంటున్నది ఆవిడ. ఆటో, బస్సు ఖర్చులు, మందుల ఖర్చు ఆవిడ జేబులోంచి పోతున్నాయేమో అడగండి. ఆ డబ్బు అమ్మానాన్నల ఖాతా నుంచో, మీ ఖాతా నుంచో నెలనెలా వెళ్లాలి.

ఇల్లు ఎవరికి రాయాలన్నది ఆయన ఇష్టం. నన్నడిగితే, ముందు అమ్మకి పూర్తి హక్కులతో రాయమంటాను. ‘జీవితాంతం ఉండే హక్కు’ మాత్రమే ఇస్తే, రేపు పెద్ద ఆపరేషన్ అవసరమైతే ఆవిడ ఆ ఇంటి మీద రూపాయి పుట్టించలేదు. అదే రోజు అమ్మ కూడా తన వీలునామా రాస్తే సరిపోతుంది, బంగారంతో సహా. మనవళ్లు పుట్టినా, ఎవరైనా పోయినా, ఏదైనా అమ్మినా కొన్నా, రెండు వీలునామాలూ మళ్లీ తీసి చదవాలి.

డబ్బు దగ్గరికొస్తే, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది 14 లక్షలూ నాన్న పేరునే ఉండటం. ఆయన ఐసీయూలో ఉంటే అమ్మ ఒక్క రూపాయి తీయలేదు. ఎఫ్‌డీల్లో అమ్మ పేరు కలిపి ‘ఎయిదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవాళ్లు) చేయించండి. ఒకరు పోతే రెండోవాళ్లు గడువుకి ముందే తీసుకునేలా ఇద్దరి సంతకంతో బ్యాంకుకి ముందే రాసివ్వాలి, ఈ సంగతి చాలామందికి తెలియదు. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. కానీ నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతికి డబ్బిస్తుందో ఆ మనిషి మాత్రమే, ఆ డబ్బు వారసులందరిదీ. నామినీల పేర్లు వీలునామాతో సరిపోలితే గొడవ ఉండదు.

ఇందులో 8 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలోకి, ఇద్దరి పేరునా మార్చడం నయం. చేరిన రోజు ఉన్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. 2023 ఏప్రిల్‌లో తెచ్చిన 8.2 శాతం రేటుకి లెక్కేస్తే మూడు నెలలకి 16,400 వస్తుంది. దాంతో ఉదయం పూట ఇంటి పనికి, వంటకి సాయంగా ఒక మనిషిని పెట్టుకోవచ్చు. మూడు లక్షలు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి, మిగతాది ఎఫ్‌డీల్లోనే ఉండనివ్వండి. ఫోన్‌పేకి కలిపిన ఖాతాలో పది, ఇరవై వేలకి మించి ఉండకూడదు. పోలీసులమని ఫోన్లో బెదిరించి డబ్బు లాగే మోసగాళ్లు చెప్పే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో ఎక్కడా లేదని ఇద్దరికీ చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఈపీఎస్ పెన్షన్ నాన్నగారి తర్వాత అమ్మకి సగమే వస్తుంది, అంటే 1,200. అదైనా సులువుగా రావాలంటే పీపీఓలో (పెన్షన్ మంజూరు పత్రంలో), ఆధార్‌లో, బ్యాంకులో ఆవిడ పేరు ఒకేలా ఉండాలి. ఒకచోట అప్పలనరసమ్మ, ఇంకోచోట ఎ.నర్సమ్మ అని ఉండటం మన వైపు మామూలే. ఇప్పుడే సరిచేయించండి. 70 దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏటా 5 లక్షల దాకా వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. నాన్నగారికి అది తీయించండి. అమ్మకి ఇంకా రెండేళ్లు పడుతుంది కాబట్టి, అప్పటిదాకా ఆవిడకి విడిగా ఆరోగ్య బీమా కావాలి.

ఇంట్లో మార్పులకి మొదటి ఖర్చు నూతి దగ్గరే పెట్టండి. చుట్టూ పాచి గీకించి గరుకు సిమెంటు వేయించండి. మోటారు పెట్టించి వంటగది పక్కన కొళాయి ఇస్తే నూతి దగ్గరికి వెళ్లే పనే తప్పుతుంది. బాత్రూం పెరట్లో ఉంటే రాత్రిపూట వెలిగే బల్బు, గోడకి పట్టుకునే స్టీలు కడ్డీ, కూర్చునే కమోడ్, బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించండి. ఇంకో తాళంచెవి నమ్మకమైన పొరుగింట్లో ఉండాలి. తుఫాన్లు మనకి కొత్త కాదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టరు, చార్జ్ చేసిన పవర్ బ్యాంకు, నెలకి సరిపడా బీపీ, షుగర్ మాత్రలు ఎప్పుడూ ఇంట్లో ఉంచండి. అంబులెన్స్‌కి 108, వృద్ధుల హెల్ప్‌లైన్‌కి 14567, ఈ రెండు నంబర్లూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

జీపీఏ (ఆయన తరఫున పనులు చేసే అధికార పత్రం) చేయించుకుంటే అన్నీ నేనే చూసుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఇచ్చిన మనిషికి మతి తప్పితే జీపీఏ కూడా చెల్లదు, చనిపోతే ఎలాగూ చెల్లదు. అందుకే జాయింట్ ఖాతా మీద అంత పట్టుబట్టాను.

ఇవన్నీ నాన్నగారితో ఎలా మొదలుపెట్టాలన్నది ఇంకో చిక్కు. వీలునామా మాటెత్తితే ‘నా చావు కోసం చూస్తున్నారా’ అనుకుంటారు. ఎఫ్‌డీతో మొదలుపెట్టండి. ‘మీకు ఒంట్లో బాగోకపోతే అమ్మ డబ్బెలా తీస్తుంది నాన్నా?’ అని అడగండి. అమ్మ గురించిన ప్రశ్నకి ఏ తండ్రీ ముఖం తిప్పుకోడు. బ్యాంకు పని అయ్యాక, 2009 కాగితం బీరువాలోంచి తీసి సాక్షుల పేర్లు ఆయన్నే చదవమనండి.