విల్లుకి పాలిష్ పెట్టే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. స్కూల్లో పిల్లలకి ఆర్చరీ నేర్పడానికి ఒప్పుకున్నావట. స్టోర్ రూమ్‌లో దుమ్ముపట్టిన పాత చెక్క విల్లులు ఇంటికి తెచ్చి పాలిష్ చేయబోతున్నావట. చెక్క మీద గట్టి మెరిసే పొర కట్టే మెలమైన్ పాలిష్ డబ్బా కూడా కొనేశావట. మన ఇంట్లో మళ్లీ ఒకరు విల్లు పడుతున్నందుకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన బెజవాడ జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచాక ఇక్కడి పిల్లలందరి కళ్లూ ఆ కప్పీలుండే కాంపౌండ్ విల్లు మీదే ఉన్నాయి. అలాంటప్పుడు చెక్క విల్లుని బాగుచేద్దామనుకున్నావు చూడు, అది నాకు గర్వంగా ఉంది. కానీ ఆ మెలమైన్ మాట విన్నాక నిద్ర పట్టలేదు.

మూత తీయకపోతే ఆ డబ్బా షాపులో తిరిగి ఇచ్చెయ్. టేబుళ్లకి, మంచాలకి మెలమైన్ బాగుంటుంది. టేబుల్ వంగదు. విల్లు ప్రతి బాణానికీ వంగి లేస్తుంది. గట్టి పొర మందంగా ఉంటే దానితోపాటు వంగలేక సన్నగా చిట్లుతుంది, ఆ చిట్లిన చోట చెమ్మ దూరుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, ఆ గీత పాలిష్‌దో చెక్కదో ఎవరికీ అంతుపట్టదు.

నా భయమంతా ఆ గీతల గురించే. మా రోజుల్లో గ్రౌండ్‌లో సామాను చూసుకునే సీనియర్ ఒకాయన ఉండేవాడు. పనిమంతుడు. పాత కుర్చీ ఇచ్చినా కొత్తదాన్ని చేసి ఇచ్చేవాడు. ఒక వేసవి క్యాంపుకి ముందు కొసలు ముందుకి వంగి ఉండే పాత రికర్వ్ విల్లొకటి ఆయన చేతికొచ్చింది. మధ్యలో పిడి ఉండే చెక్క రైజర్, దానికి పైనా కిందా వంగే రెక్కలు, అంటే ఫైబర్ గ్లాస్ అతికిన లింబులు. పై లింబ్‌కి మన వైపు ఉండే ముఖం మీద, అడ్డంగా వెంట్రుకలాంటి గీతలు రెండో మూడో ఉన్నాయి. పాత వార్నిష్ చిట్లిందనుకున్నాడు. లప్పం పెట్టి, రుద్ది, రంగు కలిపి, అద్దంలా మెరిసేలా మందంగా కోటింగులు ఎక్కించాడు. మేమంతా చుట్టూ చేరి మెచ్చుకున్నాం. ఆ విల్లు పట్టుకోవాలని క్యాంపు పిల్లలు పోటీపడ్డారు. చివరికి ఏడో తరగతి కుర్రాడికి దక్కింది. వాడు నారిని గడ్డం దాకా లాగి గురి చూస్తుండగా లింబ్ సరిగ్గా అక్కడే విరిగింది. పెద్ద చప్పుడు. ముక్క వచ్చి కనుబొమ్మ చీల్చింది. ముఖం నిండా రక్తమే, కన్ను ఉందో పోయిందో తెలియదు. నేనే ఎత్తుకుని రిక్షా ఎక్కించాను. దేవుడి దయ, కన్ను దక్కింది. వాడు మాత్రం మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు. బాణం నేరుగా వదిలే కుర్రాడు, ఇప్పటికీ బాధేస్తుంది. ఆయన పనిలో లోపం లేదు. అంత పనితనంతోనే పగులు మాకు కనపడకుండా పోయింది. ఆ గీతలు అలాగే ఉండి ఉంటే, నారి ఎక్కించేటప్పుడు ఎవరో ఒకరి కంట పడేవే.

అందుకని ముందు పాలిష్ సంగతి వదిలేసి విల్లుని చూడు. పగటి వెలుగులో, రెండు ముఖాలూ, రెండు అంచులూ. కాస్త దూది తీసుకుని లింబ్ పొడవునా మెల్లగా రుద్దు. దూది పోగు పట్టుకున్న చోట పెచ్చు లేచినట్టే. లింబ్ పొరల మధ్య అంచులో గోరు పెట్టి చూడు, సందు తగలకూడదు. అడ్డగీత చెక్కలోదని ఏ మాత్రం అనుమానం వచ్చినా ఆ విల్లు గోడకి అలంకారమే. పిల్లల చేతికి వద్దు.

పాత వార్నిష్ తీయడానికి పెయింట్ రిమూవర్ జోలికి పోకు. లోపల పొరల్ని పట్టి ఉంచే జిగురుని కూడా అది మెత్తబరుస్తుంది. 220 నంబర్ ఎమరీ కాగితంతో మొదలుపెట్టి 320 నంబర్‌తో ఆపెయ్. ఫైబర్ గ్లాస్ లోపలి పోగులు బయటపడేదాకా రుద్దకు. వెదురు విల్లుకైతే బయటి చర్మం వైపు ఎమరీ అసలు ఆనించొద్దు. విల్లు లాగినప్పుడు సాగే బరువంతా ఆ పైపొర పోగులే మోస్తాయి, వాటిని తెంపితే పెచ్చు లేచిపోతుంది. ఇండియన్ రౌండ్ అనే మన దేశపు పోటీలో 30, 50 మీటర్లు కొట్టే పిల్లలకి వెదురు విల్లే కదా ఆధారం.

మాస్క్ లేకుండా ఈ పని చేశావని తెలిస్తే మాత్రం ఊరుకోను. ఆ గ్లాస్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. చిన్నప్పుడు నీకు ఆయాసం వచ్చినప్పుడు నేనూ మీ నాన్నా నిన్ను భుజాన వేసుకుని తెల్లవార్లూ వరండాలో తిరిగేవాళ్లం. నీకు గుర్తుండదు, నాకుంది.

ఇక ఏది పూయాలంటే, బయటి తలుపులకి వాడే రకం పీయూ (పాలీయురేథేన్) వార్నిష్, వేరే ద్రవం కలిపి గట్టిపరచనక్కర్లేని సింగిల్ ప్యాక్, మెరుపు తక్కువది. అది కాస్త సాగుతుంది, ఎండకీ చెమ్మకీ ఆగుతుంది. మొదటి కోటు సగానికి సగం టర్పెంటైన్ కలిపి బ్రష్‌తో కాకుండా గుడ్డతో తుడిచినట్టు పుయ్యి. రాత్రంతా ఆరనిచ్చి, 400 ఎమరీతో ఒక్కసారి తేలిగ్గా రుద్ది, మళ్లీ పల్చగా పుయ్యి. నాలుగైదు కోట్లు చాలు, లింబ్ కొసల దగ్గర ఇంకా తక్కువ. అక్కడ బరువు పెరిగితే బాణం వేగం తగ్గుతుంది. నారి కూర్చునే గాడిలో పూత పేరుకోనివ్వకు. కింద చెక్క గీతలు ఎప్పటికీ కనబడుతూ ఉండాలి, రంగు మాత్రం కలపకు.

ఉత్త అవిసె నూనె చాలని ఎవరైనా చెబుతారు. చూడటానికి అందంగానే ఉంటుంది, కానీ మన వానాకాలం చెమ్మని అది పెద్దగా ఆపలేదు. లక్క పాలిష్ నాకు ప్రాణం, కానీ పిడికి పనికిరాదు. ఇప్పటి పిల్లలు చేతికి శానిటైజర్ రాసుకుంటారు, అందులోని ఆల్కహాల్‌కి లక్క కరిగిపోతుంది. అయితే రైజర్ రోజ్‌వుడ్‌ది అయితే మాత్రం వార్నిష్‌కి ముందు మైనం తీసిన లక్క ఒక పల్చటి కోటు వెయ్యి. ఆ చెక్కలోని జిడ్డు వల్ల వార్నిష్ ఒక్కోసారి రోజుల తరబడి ఆరదు. ముసురు పట్టిన రోజు లక్క ముట్టుకోకు, తెల్లగా పాలిపోతుంది.

ఎవరి మాటైనా విని అవిసె నూనె వాడితే, తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకు. ఆరే కొద్దీ వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు. ఒక్కో గుడ్డ విప్పి బయట తీగ మీద ఆరెయ్, లేదా నీళ్ల డబ్బాలో ముంచి ఉంచు. మీ అమ్మ వంటింటి పక్కనే ఈ పని పెట్టుకున్నావని విన్నాను. ఈ రోజే మేడ మీదకి మార్చు.

చివరి కోటు తర్వాత వారం పది రోజులు నీడలో వదిలెయ్. ఆరిందని చేతికి అనిపించినా లోపల ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. తర్వాత నాకు ఫోన్ చెయ్, బస్సెక్కి వస్తాను. మొదట నారి నేను ఎక్కిస్తాను, మొదటిసారి లాగేదీ నేనే. అప్పటిదాకా నువ్వు గానీ, ఆ పిల్లల్లో ఒక్కరు గానీ వాటిని లాగి చూడొద్దు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న