"సిన్స్" ఎక్కడ, "ఫర్" ఎక్కడ?

సందేహం: "ఐదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను" అనడానికి "అయామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని రాస్తే తప్పన్నారు. నిఘంటువులో "సిన్స్" అంటే "నుంచి" అనే ఉంది కదా?

సమాధానం: నిఘంటువు సరిగానే చెప్పింది. చిక్కల్లా మన "నుంచి"తోనే. "రెండు గంటల నుంచి మీకోసం చూస్తున్నాను" అన్నారనుకోండి. గడియారంలో రెండు అయినప్పటి నుంచా, రెండు గంటల సేపా? వినేవాళ్లు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి: మొదటిదానికి "సిన్స్ టూ ఓ క్లాక్", రెండోదానికి "ఫర్ టూ అవర్స్". "సిన్స్"కు మూలమైన పాత ఇంగ్లీషు మాటకు "ఆ తర్వాత" అని అర్థం. అందుకే దాని పక్కన ఎప్పుడు మొదలైందో చెప్పాలి. "ఎంతసేపు, ఎన్నేళ్లు" అన్న లెక్కకు "ఫర్".

తేల్చుకోవడానికి తెలుగులోనే మంచి దారి ఉంది. "నుంచి" తీసేసి "గా" పెట్టి చూడండి. "ఐదేళ్లుగా", "చాలాకాలంగా", "రెండు గంటలుగా" చక్కగా కుదిరాయి, ఇవన్నీ "ఫర్". "2019గా", "సోమవారంగా", "చిన్నప్పటిగా" అని ఎవరూ అనరు, అవి "సిన్స్". "వారం నుంచి" లాంటిచోట "రోజులు" చేర్చి "వారం రోజులుగా" అని చూసుకోవాలి. "పోయిన వారం నుంచి" మాత్రం "సిన్స్ లాస్ట్ వీక్". "రేపటి నుంచి"కి ఈ పరీక్ష పనికిరాదు. పని ఇంకా మొదలే కాలేదు కాబట్టి అది "ఫ్రమ్ టుమారో".

ఇక మీ వాక్యంలో రెండో తప్పు క్రియది. చాలామంది "సిన్స్"ను "ఫర్"గా దిద్ది, "అయామ్ లివింగ్"ను అలాగే వదిలేస్తారు. మన "ఉంటున్నాను" గడిచిన ఐదేళ్లనూ ఇప్పటినీ కలిపి మోస్తుంది. "అయామ్ లివింగ్" అలా మోయలేదు. గతంలో మొదలై ఇంకా సాగుతున్నదానికి "హ్యావ్ బీన్" కావాలి: "ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్." "తెలుసు" లాంటి క్రియలకు "ఇంగ్" రాదు: "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్." అక్కడ ఉండటం ముగిసిపోతే "ఐ లివ్డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" చాలు.

"సిన్స్"కు "కనుక" అనే అర్థమూ ఉంది. "సిన్స్ ఇట్ ఈజ్ రెయినింగ్" అంటే "వాన పడుతోంది కనుక"; అక్కడ కాలం లెక్క వెతకొద్దు.