మడత దగ్గర కార్డు పగలకుండా, కాగితం అలలు తేలకుండా

క్రిస్మస్ కార్డు మడిచిన చోట రంగు లేచిపోయి తెల్లటి గీత కనిపిస్తోందని, పైన అతికించిన చెట్టు ముడతలు పడుతోందని రాశారు కదా. తప్పు మీ చేతిది కాదండీ.

కాగితంలో నార ఎక్కువగా ఒకే దిక్కుగా ఉంటుంది. అట్టను మడవకుండా, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగితే మడత అటే రావాలి. నారకు అడ్డంగా మడిస్తే పగుళ్లు ఖాయం. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెప్పే బరువు కొలత) దాటిన అట్టకైతే ముందుగా స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత లాగండి. ఆ గాడి బయటివైపు ఉండేలా మడవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, నేనూ చాలాకాలం అలాగే చేశాను!

ముడతలకు కారణం తెల్ల జిగురులోని నీళ్లు. గ్లూ స్టిక్ గానీ డబుల్ సైడ్ టేపు గానీ వాడి, రాత్రంతా బరువైన పుస్తకం కింద పెట్టండి.

ఏ4 అట్టను సగానికి కోసి మడిస్తే 105 × 148 మి.మీ. కార్డు వస్తుంది, సీ6 సైజు కవరులో సరిగ్గా పడుతుంది. మిగిలిన ముక్కలకు చిల్లు పెట్టి దారం కడితే గిఫ్ట్ ట్యాగులు రెడీ.