పంటి నొప్పికి పారాసెటమాల్ ఎక్కువ వాడాను, కాలేయ పరీక్షకు వారం ఆగవచ్చా?

పంటి నొప్పికి నాలుగు రోజులుగా పారాసెటమాల్ 650 వేసుకుంటున్నానని, మధ్యలో జలుబు చేస్తే దానికి వేరే మాత్ర కలిపానని, నిన్నటి నుంచి వికారంగా ఉందని రాశారు. వారం ఆగకండి. ఈరోజే, ఇప్పుడే, అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. వాడిన మందుల స్ట్రిప్‌లన్నీ, ఖాళీవి సహా, వెంట తీసుకెళ్లండి.

నేను డాక్టర్‌ను కాను. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అక్క. ఆమెకూ పంటి నొప్పితోనే మొదలైంది. నొప్పి తిరగబెట్టినప్పుడల్లా ఒక 650 మాత్ర, అలా రోజుకు ఆరేడు. తుమ్ములు మొదలయ్యాక జలుబు మాత్రలు తెచ్చి ఇచ్చింది నేనే. రోజుకు మూడు వేసుకుంది. వాటిలో ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉందని మా ఇద్దరిలో ఎవరమూ చదవలేదు. నమలలేక తిండి కూడా సరిగా తినలేదు. ఆసుపత్రిలో డాక్టర్ కాగితం మీద లెక్క వేసి చూపించారు: ఏడు 650లు 4550, మూడు 500లు 1500, మొత్తం 6050 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికైనా 24 గంటల్లో 4000 దాటకూడదు. తిండి లేనివారికి, బరువు తక్కువ ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి ఆ హద్దు ఇంకా తక్కువ.

ఆ డాక్టర్ చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. పారాసెటమాల్‌లో చాలా భాగాన్ని కాలేయం ఏ హానీ లేకుండా బయటికి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషపదార్థంగా మారుతుంది. కాలేయంలో ఉండే గ్లుటాథయోన్ అనే రక్షక పదార్థం ఆ విషాన్ని అప్పటికప్పుడు విరిచేస్తుంది. మోతాదు మించితే గ్లుటాథయోన్ నిల్వ కరిగిపోతుంది, ఇక విషం కాలేయ కణాలనే చంపుతుంది. పస్తులుంటే ఆ నిల్వ ముందే తగ్గి ఉంటుంది.

మమ్మల్ని మోసం చేసింది లక్షణాలు. మొదట వికారం, నీరసం, అంతే. పంటి నొప్పి వల్లనే అనుకున్నాం. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కళ్లలో పసుపు ఆ తర్వాత వచ్చాయి. అప్పటికి ఎస్‌జీపీటీ, అంటే కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్, వేలల్లో ఉంది. కామెర్లు కనిపించేదాకా ఆగితే చాలా ఆలస్యం చేసినట్టే.

దీనికి విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్. కరిగిపోయిన గ్లుటాథయోన్‌ను మళ్లీ తయారు చేసుకోవడానికి కాలేయానికి తోడ్పడుతుంది. ఒకేసారి ఎక్కువ మింగినవారికి మొదటి 8 గంటల్లో ఇస్తే చాలా బాగా పనిచేస్తుంది. అక్కలా, మీలా రోజుల తరబడి వాడినవారికి గంటల లెక్క కుదరదు కాబట్టి, రక్తపరీక్షలు చూసి డాక్టర్లే నిర్ణయిస్తారు. ఆలస్యమైనా ఇస్తారు. అక్కకు సెలైన్‌లో ఎక్కించారు. మేము ఎస్‌జీపీటీ అంకె గురించే అడుగుతుంటే, డాక్టర్లు మాత్రం రక్తం గడ్డకట్టే పరీక్ష, ఐఎన్‌ఆర్, పదేపదే చేయించారు. కాలేయం నిజంగా పనిచేస్తున్నదో లేదో అది బాగా చెబుతుందట. మాట తడబడితే, మగతగా ఉంటే వెంటనే పిలవమన్నారు. ఆ రెండు రాత్రులు నేను నిద్రపోలేదు. అక్క కోలుకుంది.

ఆసుపత్రికి వెళ్లేలోపు ఇంకో పారాసెటమాల్ వేసుకోకండి. దాని బదులని ఐబుప్రొఫెన్ కూడా వద్దు. ఈ పరిస్థితిలో కిడ్నీలకు, కడుపుకు అది మంచిది కాదు. స్ట్రిప్ మీద ఎసిటమినోఫెన్ అని ఉన్నా అది పారాసెటమాలే, దాన్నీ లెక్కలో కలపండి. అయితే రేపటి నుంచి ఈ మందంటేనే భయపడనక్కరలేదు. మోతాదులో వాడితే మంచి మందే.

డాక్టర్ అడిగినప్పుడు ఎన్ని వేసుకున్నారో తగ్గించి చెప్పకండి. మద్యం తాగుతారా, ఈ నాలుగు రోజుల్లో ఏమైనా తిన్నారా అని అడిగితే మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా అక్క సిగ్గుపడి మొదట రోజుకు నాలుగే అంది. నిజం బయటపడేసరికి మరికొన్ని గంటలు పోయాయి.