బుజ్జికి, బండి విప్పే ముందు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, వీడు పాత అంబాసిడర్ కొన్నాడట. దాంట్లో వేరే ఇంజన్ ఎక్కిస్తాడట. నా మాట వినడు, నువ్వైనా చెప్పు" అన్నాడు. చెబుతుంటే వాడి గొంతు వణికింది. ఎందుకు వణికిందో నాకు తెలుసు, నీకు తెలియదు. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఫోన్లో అయితే "సరే పెదనాన్నా, సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు.

ముందు సంతోషం సంగతి చెప్పనీ. నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దమ్మ ఫోన్లో పెద్దవి చేసి చూశాను. 1986 మార్క్ 4. డోర్ల కింద రెండు వైపులా తుప్పు తినేసింది, బానెట్ అంచు ఎవరో సరిగా కొట్టలేదు, కానీ గ్రిల్ చెక్కుచెదరలేదు. ముప్పై ఎనిమిదేళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఈ బండ్ల కిందే పడుకున్నాను. మన ఇంట్లో మళ్లీ ఒకడు పానా పట్టుకుంటాడని నేను అనుకోలేదురా. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, సెలవు రోజున చేతికి గ్రీజు పూసుకుంటానంటున్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు తిట్లు. యాక్సిడెంట్ అయిన ఎవరిదో కొత్త కారులోంచి కామన్ రైల్ డీజిల్ ఇంజన్ చవగ్గా వస్తుందన్నావట. ఇంజన్ ఒక్కటే తెచ్చి ఏం చేస్తావు? ఆ ఇంజన్‌కి కంప్యూటర్ బాక్స్ ఉంటుంది, ఆ బాక్స్ తాళంచెవిని గుర్తుపట్టాలి, సెన్సార్లన్నీ దానికి లెక్క చెప్పాలి. ఒక వైరు తెగినా సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ఎలక్ట్రీషియన్ చుట్టూ ఆరు నెలలు తిరుగుతావు. నీ దగ్గరున్న డబ్బుకి అది పని కాదు. ఆ ఆలోచన ఇవాళే మానెయ్యి.

నా మాట విని జపాన్ కంపెనీ ఇసుజు వాళ్ల 1.8 పెట్రోల్ ఇంజన్ వెతుక్కో. నీ బండిలో ఉన్నది 1489 సీసీ పాత బీఎంసీ (బ్రిటిష్ కంపెనీ) ఇంజన్, అంబాసిడర్‌కి తాత మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలంనాటిది. 1990ల్లో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లే అదే బాడీలో 1817 సీసీ ఇసుజు ఎక్కించి, ఐదు గేర్ల బాక్స్ ఇచ్చారు. అంటే ఇంజన్ కూర్చునే ఫౌండేషన్లు ఎక్కడ పడాలి, షాఫ్ట్ ఎంత పొడవు ఉండాలి, రేడియేటర్ ఎక్కడ కూర్చోవాలి, ఇవన్నీ ఫ్యాక్టరీలోనే ఎవరో తల పగలగొట్టుకుని తేల్చేశారు. నువ్వు మళ్లీ కొలతలతో కుస్తీ పట్టక్కర్లేదు. స్టీరింగ్ పక్కన ఉన్న గేరు పోయి కింద గేరు వస్తుంది, ఫ్లోర్ కాస్త కోయాల్సి వస్తుంది, అంతే. అంబాసిడర్లు చేసిన ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లో మూతపడినా సామాను ఇంకా దొరుకుతోంది.

ఇంజన్ విడిగా కొనకు. బాడీ తుప్పు పట్టి పోయిన ఇసుజు అంబాసిడర్ మొత్తం బండి కొను. ఇంజన్, గేర్ బాక్స్, షాఫ్ట్, రేడియేటర్, వైరింగ్, బ్రేకులు, చివరికి నట్లు బోల్టులు కూడా అందులోనే ఉంటాయి. ఒక్కొక్కటి విడిగా వెతికితే ఆటో చార్జీలకే అయిపోతుంది. కొనే ముందు కంప్రెషన్ చూపించుకో, బిల్లు రాయించుకో, ఇంజన్ నంబర్ అరిగించి ఉందేమో బ్యాటరీ లైటు వేసి చూడు. ఇంజన్‌కి ఎంత పెడుతున్నావో అంతకు రెండింతలు పక్కన ఉంచుకో. విప్పే ముందు ప్రతి వైరుకీ టేపు చుట్టి పేరు రాయి, ఫోటోలు తీసుకో.

ఆర్టీఓ ఆఫీసు పని ముందు, పానా తర్వాత. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019లో సుప్రీం కోర్టు కూడా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ దాటి మార్చిన బండ్లను రిజిస్టర్ చేయకూడదని చెప్పింది. కాబట్టి రాతపూర్వకంగా అనుమతి అడుగు, ఇస్తేనే ఇంజన్ దించు. ఇవ్వకపోతే ఉన్న ఇంజన్‌కే బోరు చేయించి కొత్త పిస్టన్లు వేద్దాం, అది నేను దగ్గరుండి చేయిస్తాను. అనుమతి లేని ఇంజన్‌తో రోడ్డు మీదకి వెళ్లి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేయొచ్చు. అవతల దెబ్బ తిన్న మనిషికి నువ్వేం సమాధానం చెబుతావు?

పాత ఇంజన్ మాత్రం ఎవరెంత ఇస్తానన్నా అమ్మకు. లోపల ఆయిల్ పోసి, రంధ్రాలన్నీ మూసి, టార్పాలిన్ చుట్టి ఉంచు. యాభై ఏళ్లు నిండి, అసలు రూపం చెడకుండా ఉన్న బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇవ్వాలని 2021లో రూల్ వచ్చింది. ఇంజన్ మారిస్తే అది రాదు. నీ బండికి 2036లో యాభై నిండుతాయి. అప్పటికి నీకు బుద్ధి మారి పాత ఇంజనే కావాలనిపించవచ్చు.

ఇక అసలు సంగతి.

మీ నాన్న కుడి అరచేతిలో అడ్డంగా ఒక మచ్చ ఉంటుంది, చూశావుగా. చిన్నప్పుడు నువ్వడిగితే దీపావళికి కాలిందన్నాడట. అది దీపావళికి కాలింది కాదు. నా వల్ల కాలింది.

1988. పెట్రోల్ ఖరీదు భరించలేక అంబాసిడర్లు ఉన్నవాళ్లందరూ డీజిల్ ఇంజన్లు వేయించుకుంటున్న రోజులు. మెటడార్ వ్యాన్‌దో ఇంకోటో, ఏది దొరికితే అది. నందిగామ దగ్గర ఒకాయన తన బండి మాకిచ్చాడు. కూతురి పెళ్లికి ఆ బండే కావాలి, మూడో రోజు సాయంత్రానికి ఇచ్చి తీరాలి. నేనూ మీ నాన్నా రెండు రాత్రులు నిద్ర మాని ఒక వ్యాన్ ఇంజన్ ఎక్కించాం. వాడికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. కాలేజీ సెలవులకి వచ్చి నాకు సాయం చేస్తున్నాడు.

ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ ఉంటుంది. రాగి తీగలు జడలా అల్లి ఉంటుంది, జానెడు పొడవు. పాత ఇంజన్‌కి ఉన్నది విప్పి కొత్త దానికి పెట్టబోతే రెండంగుళాలు చాలలేదు. ఆ రోజు ఆదివారం, షాపులు మూసి ఉన్నాయి. "రేపు పొడుగుది తెచ్చి వేద్దాం" అని, నట్లు వేసుకునే డాల్డా డబ్బాలో పడేశాను. రేపు వచ్చింది, మర్చిపోయాను.

ఇది నీకు అర్థమయ్యేలా చెప్పాలి. ఇంజన్ కూర్చునేది రబ్బరు ఫౌండేషన్ల మీద. రబ్బర్లోంచి కరెంటు వెళ్లదు. సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్లు బ్యాటరీ నుంచి ఇంజన్‌కి వచ్చి, మళ్లీ బాడీ మీదుగా బ్యాటరీకి చేరాలి. పట్టీ లేకపోతే కరెంటు ఆగిపోదు, వేరే దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబుల్, స్టాప్ కేబుల్, ఇంజన్‌నీ బాడీనీ కలిపే ఏ సన్న ఇనుప తీగ దొరికితే దాంట్లోంచి పోతుంది. మాకు గుర్తు కనిపించింది కూడా. సెల్ఫ్ బరువుగా ఈడ్చుకుంటూ తిరిగింది. బ్యాటరీ వీక్ అనుకున్నాను. ఇంకా పెద్ద బ్యాటరీ తెచ్చి పెట్టాను. పెట్టగానే కాస్త నయమనిపించింది. కేబుల్లోకి ఇంకా ఎక్కువ కరెంటు తోశానని నాకు తోచలేదు.

చీకటి పడ్డాక బండి అప్పజెప్పడానికి బయల్దేరాం. ఇబ్రహీంపట్నం దాటాం, కంచికచర్లలో టీకి ఆగాం. తిరిగి స్టార్ట్ చేస్తే అందుకోలేదు. నేను సెల్ఫ్ కొడుతూనే ఉన్నాను, ఐదారు సార్లు, ప్రతిసారీ చాలాసేపు. చివరికి అందుకుంది. అంతలో డాష్‌బోర్డు కింద నుంచి పొగ. డీజిల్ ఇంజన్ తాళంచెవి తిప్పితే ఆగేది కాదు ఆ రోజుల్లో, స్టాప్ కేబుల్ లాగితేనే ఆగుతుంది. కేబుల్ చివరి ప్లాస్టిక్ పిడి కరిగిపోయి ఉంది. చీకట్లో మీ నాన్నకి తెలియలేదు. ఇంజన్ ఆపుదామని చెయ్యి పెట్టి గట్టిగా పట్టుకుని లాగాడు. లోపలి తీగ ఎర్రగా కాలి గొట్టానికి అతుక్కుపోయింది, కదల్లేదు. కదల్లేదని వాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

వాడి అరుపు నాకిప్పటికీ వినిపిస్తుంది. టాప్ గేర్ వేసి, బ్రేకు తొక్కి, క్లచ్ వదిలేసి ఇంజన్ చచ్చేలా చేశాను. డాష్‌బోర్డు కింద ఫెల్ట్ అప్పటికే అంటుకుంది. బ్యాటరీ పీకుదామంటే టెర్మినల్ బోల్టు బిగుసుకుపోయి ఉంది, పానాలు డిక్కీలో ఉన్నాయి. టీకొట్టతను కడుగునీళ్ల బకెట్ తెచ్చి గుమ్మరించాడు. మంట ఆరింది. మీ నాన్న రోడ్డు పక్కన చెయ్యి ముందుకు చాపి కూర్చున్నాడు. లైటు వేస్తే అరచేతిలో తీగ మందాన తెల్లటి గీత.

మూడు నెలలు వాడు పెన్ను పట్టుకోలేకపోయాడు. ఆ ఏడు పరీక్ష పోయింది. మా అమ్మకి సైలెన్సర్ తగిలిందని చెప్పాం. ఇన్నేళ్లలో "నీవల్లేరా అన్నయ్యా" అని ఒక్కసారి కూడా అనలేదు వాడు. మళ్లీ ఇంజన్ దగ్గరికి మాత్రం రాలేదు.

అందుకని, ఎన్ని హార్స్‌పవర్లని నన్ను అడగకు, నేనూ నిన్ను అడగను. ఎర్త్ పట్టీ ఒకటి కాదు, రెండు వెయ్యి. ఇంజన్ నుంచి బాడీకి ఒకటి, గేర్ బాక్స్ నుంచి బాడీకి ఒకటి. అవి కూర్చునే చోట రంగు గీకి, ఇనుము మెరిశాక బిగించు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎవరినైనా కేబుళ్లు తాకి చూడమను. వేడి తగిలితే అక్కడే ఆపు. బ్యాటరీ మెయిన్ స్విచ్ డ్రైవర్ చేతికందేలా పెట్టు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ సీటు కింద ఉండాలి, డిక్కీలో కాదు. పెట్రోల్ గొట్టాలన్నీ కొత్తవి వెయ్యి, ఇథనాల్‌కి తట్టుకునేవి అడిగి తీసుకో. ఇప్పుడు బంకుల్లో వచ్చే, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌కి పాత రబ్బరు నిలబడదు. గొట్టం సైలెన్సర్ పక్కన పోకూడదు.

తర్వాత బ్రేకులు. నీ బండికి నాలుగూ డ్రమ్ములే. అవి యాభై చిల్లర హార్స్‌పవర్ బండిని ఆపడానికి చేసినవి. ఇసుజుది డెబ్బై పైన. తర్వాతి అంబాసిడర్లకు ముందు డిస్కులొచ్చాయి. నువ్వు కొనే పాత బండికి అవి ఉంటే ఇంజన్ కంటే ముందు వాటిని విప్పి దాచుకో. డబ్బు చాలకపోతే ఇంజన్ పని ఆరు నెలలు ఆగినా ఫర్వాలేదు, బ్రేకుల పని ఆగకూడదు. రేడియేటర్ కూడా ఇసుజుదే పెట్టు, మే నెలలో హైదరాబాద్ ట్రాఫిక్‌లో పాతది సరిపోదు.

"రేపు వేద్దాం" అనుకున్న ప్రతిదీ ఒక కాగితం మీద రాసి స్టీరింగ్‌కి కట్టు. ఆ కాగితం ఖాళీ అయ్యేదాకా బండి గేటు దాటకూడదు. దీనికి ఒట్టు వెయ్యి నాకు.

మీ నాన్నకి ఈ ఉత్తరం చూపించు. నేను రాసేశానని కోప్పడితే పడనీ. ఆ తర్వాత వాడిని ఒకసారి బండి దగ్గరికి రమ్మను. చెయ్యి వెయ్యమని అడగకు, కుర్చీ వేసి కూర్చోబెట్టు చాలు. ఫౌండేషన్ బోల్టులు బిగించేటప్పుడు వాడికి చెవి ఉంది, ఎక్కడ వదులుందో శబ్దం బట్టి చెప్పేవాడు.

ఇంజన్ దించే తారీకు వారం ముందు చెప్పు, రాత్రి బస్సుకి వచ్చేస్తాను. కింది బెర్తు తియ్యి, మోకాళ్లు సహకరించడం లేదు. చైన్ పుల్లీ అద్దెకి తీసుకోకు, నాది ఇంకా బాగానే ఉంది, లగేజీలో వేయించుకొస్తాను. పద్దెనిమిదంగుళాల ఎర్త్ పట్టీలు రెండు నిన్ననే కొని సంచిలో పెట్టాను.

మీ పెదనాన్న