సీనియర్ అంటే వయసులో పెద్దా, హోదాలో పెద్దా? "సీనియర్ దన్" అనొచ్చా?

మీరు అడిగింది రెండు ముక్కలు. ఒకటి, సీనియర్ అన్నది వయసుకి వాడాలా, ఉద్యోగానికి వాడాలా అని. రెండోది, మీ రెజ్యూమెలో "ఐ యామ్ సీనియర్ దన్ ఆల్ మై టీమ్ మెంబర్స్" అని రాశారు, అది తప్పని ఫ్రెండ్ అన్నాడు, నిజమేనా అని. రెండిటికీ చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఎందుకంటే ఈ ఒక్క మాట దగ్గర నేను చాలా రోజులు తికమకపడ్డాను.

ముందు చిన్న జవాబు. వయసుకీ వాడతారు, హోదాకీ వాడతారు, సర్వీసుకీ వాడతారు. ఏది అన్నది పక్కన ఉన్న మాటల్ని బట్టే తెలుస్తుంది. "సీనియర్ దన్" మాత్రం తప్పు, మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టే.

నేను పిల్లలు కాస్త పెద్దయ్యాక నలభై దాటిన తర్వాత ఉద్యోగంలో చేరాను, కంపెనీల కోసం ఇంగ్లీషులో మెటీరియల్ రాసే పని. నాకు పని నేర్పించిన అబ్బాయికి ఇరవై ఏడేళ్ళు. నన్ను అక్కా అని పిలిచేవాడు. మొదటి వారంలోనే వేరే దేశంలో ఉన్న క్లయింటుకి మెయిల్ రాయాల్సొచ్చి అతన్ని పరిచయం చేస్తూ "హి ఈజ్ మై సీనియర్" అని రాశాను, అంటే నాకంటే ముందు చేరాడు అని నా ఉద్దేశం. తర్వాత వీడియో కాల్‌లో మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన చూసి ఆవిడ ఒక్క క్షణం ఆగి, నువ్వు ఇతని కింద పనిచేస్తావా, లేక ఇతను నీకంటే ముందు చేరాడా అని నెమ్మదిగా అడిగింది. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న, ఎందుకంటే నేను రాసిన వాక్యంలో ఆ సంగతి లేదు. వయసు అయితే కాదని మొహాలు చూస్తేనే తెలుస్తోంది, మిగిలిన రెండిట్లో ఏదో ఆవిడకి ఎలా తెలుస్తుంది? మనం కాలేజీ నుంచీ "మా సీనియర్" అని ఎంత అలవాటుగా అంటామంటే అవతలివాళ్ళకి అది సగం మాటేనని మనకి తట్టదు. అప్పట్నుంచి నేను "హి జాయిన్డ్ టూ ఇయర్స్ బిఫోర్ మీ" అనో, "ఐ రిపోర్ట్ టు హిమ్" అనో విడమరిచే రాస్తున్నాను.

ఆ రోజు ఇంటికొచ్చి డిక్షనరీ తీసి కూర్చున్నా. సీనియర్ అన్నది లాటిన్ మాట. సెనెక్స్ అంటే ముసలివాడు, సీనియర్ అంటే అంతకంటే పెద్ద, అంటే పోలిక ఆ మాటలోనే ఉంది. పాత రోములో పెద్దల సభని సెనేట్ అన్నది కూడా అదే మూలం నుంచి, మతిమరుపు ముసలితనానికి వాడే సెనైల్ కూడా అక్కణ్ణుంచే. మన సంస్కృతంలో "సన" అంటే పాత అని అర్థం, ఆ మాటా ఇదీ దూరపు చుట్టాలే. నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఇంకొకటి, మనం రోజుకి పదిసార్లు వాడే "సర్" కూడా ఫ్రెంచి మీదుగా వచ్చిన సీనియరే, స్పానిష్ వాళ్ళ సెన్యోర్ కూడా. అంటే ఆ ఇరవై ఏడేళ్ళ అబ్బాయికి నేను మెయిల్లో "డియర్ సర్" అని రాసిన ప్రతిసారీ పాత అర్థంలో "నాకంటే పెద్దవాడా" అనే పిలిచాను! మాట పుట్టింది వయసులోనే, తర్వాత గౌరవంలోకి, అక్కణ్ణుంచి హోదాలోకి నడిచింది.

మీ "దన్" సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. మామూలు ఇంగ్లీషు పోలికలు ఓల్డర్, టాలర్ లాంటివాటికి దన్ వస్తుంది. లాటిన్ నుంచి పోలికతో సహా దిగుమతైనవి కొన్ని ఉన్నాయి, సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్, ప్రయర్, వీటికి "టు" వస్తుంది. షి ఈజ్ సీనియర్ టు మీ. ఎన్నేళ్ళో చెప్పాలంటే "సీనియర్ టు మీ బై త్రీ ఇయర్స్". గ్రామర్ పుస్తకాల్లో "మోర్ సీనియర్" అనకూడదు, పోలిక రెండుసార్లు అవుతుంది అని రాస్తారు, పరీక్షకైతే అదే పాటించండి, కానీ నిజంగా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు "ఎ మోర్ సీనియర్ ఆఫీసర్", "మోర్ సీనియర్ దన్" అని బాగానే వాడతారు, ఎక్కడైనా చదివితే కంగారుపడకండి. మోర్ లేకుండా ఒట్టి "సీనియర్ దన్" మాత్రం ఎక్కడా ఒప్పుకోరు. మనవాళ్ళు వాడే "సీనియర్‌మోస్ట్" మన దగ్గర కోర్టు వార్తల్లో కూడా ఉంటుంది, బయటివాళ్ళకి రాసేటప్పుడు "ద మోస్ట్ సీనియర్" అంటే నయం. "హి ఈజ్ త్రీ ఇయర్స్ మై సీనియర్" అన్న వాక్యం కనిపిస్తే అది ఎక్కువగా వయసు గురించే.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నది. తెలుగులో సీనియర్‌ని మనం "పెద్ద" అని అనుకుంటాం, తికమకంతా అక్కడే మొదలవుతుంది. పెద్ద అన్న మాటలో సైజూ ఉంది, వయసూ ఉంది, పదవీ ఉంది. దాని బదులు "ముందు" అని పెట్టుకుని చూడండి, చాలా చోట్ల చక్కగా సరిపోతుంది. వయసులో సీనియర్ అంటే ముందు పుట్టినవాడు, సర్వీసులో సీనియర్ అంటే ముందు చేరినవాడు, కాలేజీలో సీనియర్ అంటే ముందు సీటొచ్చినవాడు. ఆఖరికి ఫైనాన్స్‌లో "సీనియర్ డెట్" అని ఒకటుంది, కంపెనీ మునిగిపోతే ముందు తీర్చాల్సిన అప్పు అని, అది ముందు తెచ్చిన అప్పు అవ్వాలనేం లేదు, చెల్లింపులో ముందు వరసన ఉంటుంది అంతే. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఇద్దరు సెనేటర్లు ఉంటారు కదా, వాళ్ళలో "సీనియర్ సెనేటర్" అంటే వయసులో పెద్దాయన కాదు, ఆ సీట్లో ఎవరు ముందునుంచీ ఆగకుండా ఉన్నారో వాళ్ళు. డెబ్బై ఏళ్ళాయన జూనియర్ సెనేటర్, యాభై ఏళ్ళావిడ సీనియర్ సెనేటర్ అవ్వడం మామూలే. మన సుప్రీంకోర్టులో కూడా సీనియర్ జడ్జి అంటే ఆ కోర్టులో ముందు నియమితులైనవాళ్ళే, వయసు లెక్క కాదు. ఆ వరస ఎంత పెద్ద విషయమో తెలియాలంటే 1973 గుర్తు చేసుకోవాలి, ముగ్గురు సీనియర్ జడ్జిల్ని దాటించి ఎ.ఎన్. రేని చీఫ్ జస్టిస్‌ని చేస్తే ఆ ముగ్గురూ రాజీనామా చేశారు.

ఈ "ముందు" ఎంత బరువైందో నాకు ఇంట్లోనే తెలుసు. మా నాన్న ఒక ఆఫీసులో గుమాస్తాగా చేశారు. నాన్నా, ఇంకొకాయనా ఒకే రోజు చేరారు, ఒకే ఆర్డరు మీద. ఆ ఇంకొకాయన పొద్దున పదిన్నరకి సంతకం పెట్టారు, నాన్న బస్సు లేటయ్యి మధ్యాహ్నం భోజనాల తర్వాత పెట్టారు. జాయినింగ్ రిపోర్టులో ఆయనది ఫోర్‌నూన్, నాన్నది ఆఫ్టర్‌నూన్. వయసులో నాన్నే రెండేళ్ళు పెద్ద. పదకొండేళ్ళ తర్వాత ఒకే ఒక్క ప్రమోషన్ ఖాళీ వచ్చినప్పుడు సీనియారిటీ లిస్టు తీశారు, వాళ్ళ ఆఫీసు లెక్క ప్రకారం పూట కూడా లెక్కే, పోస్టు ఆయనకి వెళ్ళింది. నాన్నకి ఇంకో ఆరేళ్ళు పట్టింది. ఆయన్ని నాన్న ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, పైగా ఇంటికొస్తే "రండి, మా సీనియర్ గారు" అని కుర్చీ వేసేవారు, నిజంగా గౌరవంతోనే. నాకు మాత్రం చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు, నాన్న కంటే చిన్నాయన సీనియర్ ఎలా అవుతాడు అని. ఇప్పుడు మీరు అడుగుతున్నది అచ్చం ఆ ప్రశ్నే.

అయితే "ముందు" అన్నది అన్నిచోట్లా పనిచేయదు, అది కూడా చెప్పాలి. సీనియర్ మేనేజర్, సీనియర్ ఇంజినీర్, సీనియర్ లెక్చరర్ ఇవి హోదా పేర్లు. నిన్న బయటినుంచి నేరుగా సీనియర్ మేనేజర్‌గా వచ్చినాయన పదేళ్ళుగా అక్కడే ఉన్న మేనేజర్‌కి హోదాలో సీనియరే, సర్వీసులో జూనియరే. రెండూ ఒకేసారి నిజం. లాయర్లలో "సీనియర్ అడ్వకేట్" అనేది ఇంకా వేరు, 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం కోర్టు ఇచ్చే గుర్తింపు అది, నలభై ఏళ్ళ ప్రాక్టీసు ఉన్నంత మాత్రాన దానంతటది రాదు. ఇక ఆటల్లో "సీనియర్ టీమ్" అంటే అండర్ నైన్టీన్ లాంటి వయసు హద్దు లేని ప్రధాన జట్టు, పదహారేళ్ళ పిల్లాడు కూడా అందులో ఆడొచ్చు. అదే చెస్‌లో "సీనియర్ చాంపియన్‌షిప్" అంటే యాభై దాటినవాళ్ళకి ఒకటి, అరవై ఐదు దాటినవాళ్ళకి ఒకటి. ఒకే మాట, ఒకచోట ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళు, ఇంకోచోట తాతయ్యలు.

అమెరికా చదువుల్లో ఇంకో మెలిక ఉంది. అక్కడ హైస్కూలైనా డిగ్రీ అయినా నాలుగేళ్ళకి నాలుగు పేర్లు, ఫ్రెష్‌మన్, సోఫమోర్, జూనియర్, సీనియర్. మా పిన్ని కొడుకు అక్కడ చదువుతూ రెండేళ్ళయ్యాక "ఐ యామ్ ఎ జూనియర్ నౌ" అని సంతోషంగా మెసేజ్ పెట్టాడు, పిన్ని నాకు ఫోన్ చేసి "వాడు మళ్ళీ మొదటి సంవత్సరంలో పడ్డాడా ఏంటే, రెండేళ్ళు చదివి జూనియర్ అంటాడేంటి" అని గొంతు పూడుకుపోయి అడిగింది. మూడో సంవత్సరాన్నే అలా అంటారు పిన్నీ, వాడు పాసయ్యాడు అని చెప్తే గానీ ఆవిడ కుదుటపడలేదు. అక్కడ సీనియర్ అంటే ఆఖరి సంవత్సరం, అంతే, మిగతావాళ్ళతో పోలిక కాదు. "సూపర్ సీనియర్" అంటే ఇంకా చిత్రం, అక్కడ నాలుగేళ్ళలో డిగ్రీ అవ్వక ఐదో ఏడు చదివేవాడు, మన కాలేజీల్లో రెండేళ్ళు పైన చదివేవాడు, మన ఇన్‌కమ్ టాక్స్‌లో ఎనభై ఏళ్ళు నిండినాయన.

పేర్ల పక్కన పెట్టే "ఎస్సార్" కూడా చూసుకోండి. తండ్రీ కొడుకులకి ఒకే పేరుంటే పెడతారు, మార్టిన్ లూథర్ కింగ్ సీనియర్, జూనియర్ లాగా. మనకి తెలిసిన సీనియర్ ఎన్టీఆర్, జూనియర్ ఎన్టీఆర్ తాతా మనవళ్ళు, అది మన వాడుక. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన్ని సీనియర్ అనాల్సిన అవసరమే రాలేదు, మనవడు వచ్చాకే ఆ మాట తగిలింది, ఎందుకంటే రెండో మనిషి లేకుండా సీనియర్ ఉండడు. అవే రెండక్షరాలు క్రైస్తవ సన్యాసినుల పేరు ముందుంటే సిస్టర్ అని అర్థం, కాబట్టి లిస్టులు టైపు చేసేటప్పుడు పూర్తి మాటే కొట్టండి.

వయసు విషయానికొస్తే సీనియర్ సిటిజన్ అనేది 1930ల్లో అమెరికాలో మొదలైన మర్యాదపు మాట, ముసలివాళ్ళు అనకుండా. హద్దు ఒక్కోచోట ఒక్కోటి. మన దేశంలో 2007 చట్టం ప్రకారం అరవై, అమెరికాలో పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, మెడికేర్ అంటారు, మామూలుగా అరవై ఐదుకి వస్తుంది. మా నాన్న ఒకసారి ఏదో ఫారం నింపుతుంటే సీనియర్ సిటిజనా, అవునా కాదా అని రెండు గళ్ళున్నాయి. అప్పటికి ఆయనకి యాభై తొమ్మిదేళ్ళ పది నెలలు. నేను అవును అని పెట్టెయ్ నాన్నా అంటే పెన్ను పక్కన పెట్టి "ఇంకా అరవై రోజులుంది, కాదు అనే పెట్టాలి" అన్నారు. తేదీల విషయంలో ఆయన అంత నిక్కచ్చి, ఆ మధ్యాహ్నం సంతకం తర్వాత నుంచీ అనుకుంటా.

ఇంట్లోవాళ్ళకి సీనియర్ వాడకండి. అక్కా అన్నా అయితే "ఎల్డర్ సిస్టర్", "ఎల్డర్ బ్రదర్". కానీ "ఎల్డర్ దన్ మీ" అనకూడదు, అక్కడ "ఓల్డర్ దన్ మీ".

ఇక మీ రెజ్యూమె. ఆ వాక్యాన్ని "ఐ యామ్ సీనియర్ టు ఆల్ మై టీమ్ మెంబర్స్" అని మారిస్తే గ్రామర్ సరిపోతుంది, కానీ చదివేవాళ్ళకి మీరు వయసులో పెద్దో, హోదాలో పెద్దో, ముందు చేరారో తెలియదు, నా మెయిల్‌కి పట్టిన గతే దానికీ పడుతుంది. మీ కింద మనుషులు పనిచేస్తుంటే "ఐ లీడ్ ఎ టీమ్ ఆఫ్ ఫైవ్" అని రాయండి, ఐదు బదులు మీ సంఖ్య వేసుకోండి. హోదా ఏమీ లేకుండా అందరికంటే ముందునుంచీ ఉన్నారంటే "ద లాంగెస్ట్ సర్వింగ్ మెంబర్ ఆఫ్ ద టీమ్" అని రాయండి. ఒట్టి వయసులోనే పెద్ద అయితే ఆ లైను తీసేయండి, రెజ్యూమెలో దానికి చోటు అక్కర్లేదు. వీటిలో మీది ఏదో కింద రాస్తే వాక్యం నేనే సరిచేసి ఇస్తాను.